ఎర్రగా ఉండాల్సిన నూనె

పోయిన వారం యశోదను వంతెన ఎక్కే దారిలో, నడిరోడ్డు మీద, ఆగిపోయిన బండిలో వదిలేసి వచ్చాం. చదివినవాళ్ళకు గుర్తే ఉంటుంది. చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు మళ్ళీ చెప్పుకుందాం, మిగతావాళ్ళు విసుక్కోకండి.

యశోద షోలాపూర్ పక్క కుంభారి కాలనీలో ఒక్కతే ఉంటుంది, బీడీలు చుడుతుంది. చిన్నప్పుడు వచ్చిన జ్వరానికి ఎడమ కాలు సన్నబడిపోయింది. భర్త వీరేష్ దాజీ పేటలో తమ్ముడు మల్లప్పతో కలిసి పవర్‌లూమ్ కార్ఖానా నడిపేవాడు. ఎడమ కాలితో పనిలేని బండి కావాలని ఊరంతా గాలించి, క్లచ్చు లేని పాత ఆటోమేటిక్ కారు ఒకటి కొనుక్కొచ్చి, భార్యను తీసుకెళ్ళి స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. పేటలో అందరూ నవ్వారు. వీరేష్ కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు గానీ నేర్పడం మానలేదు. ఆయన పోయి రెండేళ్ళయింది. పిల్లలు లేరు. అన్న పోయిన నెలా రెండు నెలల్లోనే మల్లప్ప, వదినెను ఒక్క మాటైనా అడక్కుండా సగం మగ్గాలు అమ్మేశాడు. ఆ రోజు నుంచి ఆమె అతనితో మాట్లాడదు.

ఆమెకు మిగిలింది ఆ బండి. రోజూ పొద్దున కాలనీలోని నలుగురు ఆడవాళ్ళు చుట్టిన బీడీల బుట్టలతో అందులో ఎక్కేవాళ్ళు. దాజీ పేటలో బీడీ కంపెనీ బ్రాంచిలో బీడీలు అప్పజెప్పి, ఆకు, తంబాకు తీసుకొని మళ్ళీ కుంభారికి వచ్చేవాళ్ళు. దారి పొడుగునా అత్తల మీద, కోడళ్ళ మీద, టీవీ సీరియళ్ళ మీద వాళ్ళు చెప్పుకునే కబుర్లే యశోదకు రోజంతటికీ సరిపడా మనుషుల మాట. అలాంటి ఒక పొద్దున వంతెన మీద ఇంజను గీపెట్టింది గానీ చక్రాలు లాగలేదు. వెనక బళ్ళు హారన్లు కొట్టాయి. నలుగురూ దిగి, బుట్టలు చంకన పెట్టుకొని సిటీ బస్సు ఎక్కి వెళ్ళిపోయారు. పాపం, వాళ్ళ తప్పేమీ లేదు. బ్రాంచి టైము దాటితే ఆ రోజు చుట్టిందంతా ఇంట్లోనే పడి ఉంటుంది.

ఆ తర్వాతి పొద్దుల్లో ఎవరూ యశోద తలుపు కొట్టలేదు. నీళ్ళ పంపు దగ్గర చంద్రభాగ కనిపించింది. ఆ నలుగురిలో ముందు సీటు ఆమెదే. "బండి మంచిగైనంక చెప్పు యశోదా, నక్కీ వస్తం, తప్పకుంట" అంది, అవసరం కంటే కొంచెం తియ్యగా. ఆ తీపిలోనే యశోదకు సంగతి తెలిసిపోయింది. బస్సు వాళ్ళకు అలవాటైపోతోంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే గడిస్తే ఆ నలుగురికీ యశోదతో పని ఉండదు, ఆమెకు మాత్రం పొద్దున లేచి పలకరించడానికి మనిషి ఉండడు.

అలా బండిని తాడు కట్టి లాగించుకొని, భవాని పేటలో ప్రథమేశ్ గ్యారేజీకి తెచ్చిందన్న మాట. ఇక ఈ వారం కథలోకి వద్దాం.

*

ప్రథమేశ్ గేరు నూనె కొలిచే పుల్ల బయటికి లాగి, గ్యారేజీ మూలన కుప్పపోసిన నూలు చిక్కుల్లోంచి గుప్పెడు తీసుకొని తుడిచాడు. షోలాపూర్లో మెకానిక్కులకు గుడ్డలు కొనే పని లేదు, ఏ కార్ఖానా దగ్గర అడిగినా వేస్టు నూలు ఇస్తారు. తెల్లటి నూలు మీద చెరువు బురద రంగు మరక పడింది.

"ఇది ఎర్రగ ఉండాలె కాకూ. కుంకుమ నీళ్ళ లెక్క," అన్నాడు. పేటలో పెరిగిన కుర్రాళ్ళందరిలాగే అతనూ తెలుగు ఇంటి ఆడవాళ్ళను మరాఠీ పిలుపుతో, పిన్ని అన్నట్టు, కాకూ అనే పిలుస్తాడు. "నూనె మార్చుడైతే పక్కా. ఎట్ల మార్చాలె అన్నది నువ్వు చెప్పాలె."

"నాకేం తెలుస్తది ఎట్ల మారుస్తరో?"

"రెండు తీర్లున్నయి. ఒకటి, కింద బోల్ట్ తీస్తం. సగమే పడ్తది. మిగతాది లోపల, నళ్ళల్ల ఉండిపోతది. కొత్తది పోస్తం, నువ్వు కొన్ని దినాలు తిప్పుతవ్, పాతది కొత్తది కలుస్తయి. మళ్ళ తీస్తం, మళ్ళ పోస్తం. గట్ల మూడు నాలుగుసార్లు చేస్తే నూనె సాఫ్ అయితది. నెల పడ్తది."

"రెండోది?"

"మెషిన్. హైవే మీద పెద్ద వర్క్‌షాప్ల ఉన్నది. ఒక నళ్ళకెల్లి కొత్త నూనె ఎక్కిస్తది, ఇంకో నళ్ళకెల్లి పాతదంత బయటికి నూకుతది. ఒక్క పూటల ఖతం. చుక్క మిగలది."

"మరి గదే చెయ్యి. నెల దినాలు ఎవరు ఆగుతరు?"

ప్రథమేశ్ చేతిలో నూలును అటూ ఇటూ తిప్పాడు. తెలివైన కుర్రాడే గానీ భయస్తుడు. తన మాట మీద ఎవరైనా బండి పాడు చేసుకుంటారేమోనన్న దిగులుతో అతనికి సగం జుట్టు ఊడిపోయింది.

"గదే గదా గడబడ. ఈ బండికి గేరు నూనె ఎన్నడన్న మార్చిండ్రో లేదో ఎవ్వరికి తెల్వదు. లోపల పట్టుకునే పట్టీలు ఉంటయి. అవి అరిగి అరిగి ఆ పొడి అంత ఈ నూనెలనే కలిసింది. గా మురికే ఇప్పుడు ఇంత పట్టు ఇస్తున్నది అంటరు కొందరు. ఒక్కసారే కడిగేస్తే ఆ పట్టు కూడ పోవచ్చు. పోతే గేరు పడది. గేరు బాక్స్ వేరేది తేవాలంటే ఈ మోడల్ బందై ఎన్నేండ్లయ్యిందో."

"అంటే బండి పాయెనన్నట్టు."

"పోతదని అంటలేను. పోవచ్చు అంటున్న."

"ఏం చెయ్యకుంట ఇడిస్తే?"

"వంతెన ఎక్కది."

"నీ బండైతే నువ్వేం చేస్తువు?"

"నాది మోటార్ సైకిల్ కాకూ," అన్నాడు ప్రథమేశ్, ఎంతో ఊరటగా.

యశోదకు నవ్వు రావాల్సిందే. రాలేదు. ఎదురుగా రోడ్డు మీద కుంభారి బస్సు వెళ్ళింది, కిటికీల్లో ఆడవాళ్ళ తలలు, చంకల్లో బుట్టలు. అందులో చంద్రభాగ ఉందేమోనని మెడ చాచి చూసింది. తర్వాత అలా చూసినందుకు తన మీద తనకే జాలేసింది. అడగడానికి ఇంట్లో మనిషి లేకపోవడం అంటే ఏమిటో ఆ క్షణంలో ఆమెకు తెలిసినట్టు ఇంకెప్పుడూ తెలియలేదు. పప్పులో ఉప్పు ఎంతెయ్యాలో ఎవరినీ అడగక్కర్లేదు. చీర ఏది కట్టుకోవాలో అడగక్కర్లేదు. ఇలాంటి మాట మాత్రం ఒక్కరే తేల్చుకోవాలంటే గుండె ఖాళీగా ఉంటుంది.

చివరికి ఆమె మగ్గాన్ని తలుచుకుంది. ఆమెకు తెలిసిన యంత్రం అదొక్కటే. మగ్గం మీద పడుగు, అంటే నిలువు దారాలు, అయిపోవస్తే పాత పోగుల్ని పీకి పారేయరు. పాతదాని కొసలు అలాగే ఉంచి, కొత్త బీము మీద, అంటే పడుగు చుట్టిన రోలరు మీద, ఉన్న పోగుల్ని ఒక్కొక్కటే పాత కొసలకు ముడివేసి అతుకుతారు. తర్వాత మెల్లగా లాగితే పాతది తనవెంట కొత్తదాన్ని లోపలికి తెచ్చి పెట్టి, తను బయటికి పోతుంది. పెళ్ళయినప్పటి నుంచి బండి వచ్చేదాకా కార్ఖానాలో ఆమె చేసిన పని అదే. కాలు కదపక్కర్లేదు, వేళ్ళుంటే చాలు. వేల పోగులు అతికింది. తొందరపడి ఒక్కసారే లాగినవాళ్ళకు పోగులు పటపటా తెగిపోవడం కూడా చూసింది.

"కొంచెం కొంచెమే మార్చు," అంది. "నెలైతే నెలాయె. పాతదానికి కొత్తది అలవాటు కానీ."

ప్రథమేశ్ తల ఊపి, తొట్టి ఒకటి తీసుకొని బండి కిందికి దూరాడు. యశోద స్టూలు మీద కూర్చుంది. బోల్టు వదులయ్యాక నూనె తొట్టిలో పడటం మొదలైంది. చాలాసేపు అదొక్కటే చప్పుడు.

"కాకూ," కింద నుంచి ప్రథమేశ్ గొంతు వచ్చింది. "దీంట్ల నువ్వేమన్న పోసినవా?"

"నేనెందుకు పోస్తనురా?"

అతను తొట్టిని బయటికి జరిపాడు. నూనె పలచగా ఉంది, నీళ్ళచారులాగా. వేలు ముంచి రుద్దుకున్నాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, మొహం చిట్లించాడు. "గేరు నూనె వాసనే కాదిది. ఏందో తెల్వదు."

యశోద వంగకముందే వాసన ఆమె దగ్గరికి వచ్చింది. ఆమెకు తెలుసు. ఇరవై ఏళ్ళు ఆ వాసనతోనే కాపురం చేసింది. వీరేష్ చొక్కాలకు ఆ వాసనే, దిండుకు ఆ వాసనే. ఎంత ఉతికినా పోయేది కాదు. మగ్గాలకు పోసే పలచటి తెల్ల నూనె. బట్టకు తగిలినా మరక పడదని నేతవాళ్ళు అదే వాడతారు.

ఒక్క క్షణం, కేవలం ఒక్క క్షణం, వీరేష్ వచ్చి పోశాడేమో అనిపించింది. అంత పిచ్చి ఆలోచన వచ్చినందుకు తర్వాత సిగ్గుపడింది గానీ, ఆ క్షణంలో మాత్రం ఒళ్ళంతా వెచ్చగా అయింది. ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. మనకు మాత్రమే తెలుసు.

"మగ్గం నూనె," అంది.

ప్రథమేశ్ నోరు తెరిచాడు. "మగ్గం నూనె గేరు బాక్స్ల ఎవరన్న పోస్తరా? సీల్ కారుతున్నది ఎన్నో దినాల కెల్లి, చూడు, ఇక్కడంత తడి. కారినదంత పోగా ఇంత ఉన్నదంటే ఎవరో పోస్తనే ఉన్నరు. మొన్న మొన్నటిదాంక పోసిండ్రు."

బండి కాలనీలో యశోద కిటికీ కిందే ఉంటుంది. ఆమె కంట పడకుండా అది నిలబడేది ఒక్కచోటే. దాజీ పేటలో బ్రాంచికి వెళ్ళినప్పుడు కార్ఖానా ముందు సందులో పెడుతుంది. మాటలు లేకపోయినా అక్కడే పెడుతుంది. నా మొగుడు బండి పెట్టిన జాగా, ఎవడు వద్దంటాడో చూస్తా అన్న పంతంతో పెడుతుంది. దిగి, ఆ తలుపు వైపు చూడకుండా బ్రాంచికి నడుస్తుంది. బండికి రెండో తాళం చెవి ఉండేది. వీరేష్ ఉన్నప్పటి నుంచీ అది ఆ కార్ఖానాలోనే ఉంది.

"సగం నూనె లోపల్నే ఉన్నది గద," అని అడిగింది లేస్తూ.

"ఉన్నది. అదే ఆలోచిస్తున్న. మగ్గం నూనె అయితే లెక్క వేరే అయితది. నేను ఒకల్ని అడిగి ఫోన్ చేస్త. నువ్వేడికి?"

"దాజీ పేటకు," అని ఆమె రిక్షాను చేయెత్తి ఆపింది.

*

కార్ఖానా గడప దాటి రెండేళ్ళు కావస్తోంది. ఏమీ మారలేదు, అన్నీ మారాయి. ఒకవైపు రెండు మగ్గాలు ఆడుతున్నాయి. రెండోవైపు ఖాళీ. అమ్మిన మగ్గాల కాళ్ళు ఉన్నచోట సిమెంటు నేల మీద చదరపు గుంటలు మిగిలాయి. ఆ గుంటల్లో దూది పోగుపడింది.

మల్లప్ప నాడెలో, పేక దారాన్ని అటూ ఇటూ మోసే చెక్కలో, దారపు కండె మారుస్తున్నాడు. వీరేష్‌కు తమ్ముడే అయినా అన్న కంటే ముందే ముసలివాడయ్యాడు. తల ఎత్తి గడపలో వదినెను చూశాడు. నాడె చేతిలోనే ఉండిపోయింది.

నేత కార్ఖానాలో మాట వినపడదు. పక్కన నిలబడి అరిచినా మగ్గాల మోతలో కలిసిపోతుంది. అందుకని అక్కడ బతికినవాళ్ళు కళ్ళతో వింటారు. పెదవి కదిలితే చాలు, ఆ మూల నుంచి ఈ మూలకు సంసారాలు నడిచిపోతాయి. యశోద గొంతు పెంచలేదు.

"బండ్ల నూనె పోసింది నువ్వేనా?"

మల్లప్ప తల ఊపాడు.

కాదంటాడని ఆమె అనుకుంది. రిక్షాలో వస్తూ కాదన్నాక ఏమనాలో అంతా కూర్చుకొని వచ్చింది. అవునన్నాక ఏమనాలో తోచలేదు.

"ఎందుకు?"

"కింద కారుతుండె వదినె. నువ్వు బండి తీస్కపోయినంక బండ మీద మరక చూసిన. రోజు రోజుకు పెద్దగైతుండె." మల్లప్ప చేతిలో నాడెను పక్కన పెట్టాడు, మళ్ళీ తీసుకున్నాడు. "అన్న గా పుల్ల తీసి చూస్తుండె గద, గా గొట్టంలనే పోసిన. నువ్వు బ్రాంచిల ఉన్నప్పుడు. నూనె లేకుంటె మగ్గం అరుస్తది, తిరగది. బండి కూడ గంతే అనుకున్న. కొత్త డబ్బలదే పోసిన, పాతది కాదు."

కొత్త డబ్బాలోది పోశానని అంత నమ్మకంగా చెప్తుంటే ఎవరికైనా కోపం రావడం కష్టమే. యశోద మాత్రం కష్టపడి తెచ్చుకుంది.

"నాకొక మాట చెప్పాలె గద."

"చెప్తే వింటవా? నువ్వు నా మొకం చూస్తున్నవా?"

అది నిజమే కాబట్టి ఆమెకు ఇంకా మండింది.

"మంచిగుంటదని పోసిన," అన్నాడు మల్లప్ప. తర్వాత ఆమె మొహంలో ఏదో చూసి, మెల్లగా అడిగాడు. "ఖరాబైందా?"

ఇక్కడ ఒక అబద్ధం ఆడి ఉంటే కథ ఇక్కడికి సర్దుకునేది. లేదులే మల్లప్పా, వేరే రోగమేదో ఉంది అని ఉంటే అతను ఆ రాత్రి నిద్రపోయేవాడు. యశోద అలాంటి మనిషి కాదు. అదీగాక రెండేళ్ళుగా మాట్లాడకుండా దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది.

"ఖరాబైంది. వంతెన మీద ఆగింది. నలుగురు ఆడోళ్ళు దిగి బస్సెక్కి పోయిండ్రు. మళ్ళ వస్తలేరు. పొద్దున లేస్తే నాతోని మాట్లాడే మనిషి లేదు. బీడీ ఆకు కత్తిరిస్త, చుడుత, తిరిగి చూస్తే గోడ. మీ అన్న నాకు ఇడిసిపోయినవి రెండే. మగ్గాలు, బండి. మగ్గాలు నన్ను అడగకుంట అమ్మినవ్. ఇప్పుడు బండిని గిట్ల చేసినవ్. రెండిటికి నీ చెయ్యే తగలాలెనా?"

మగ్గం తనపాటికి తను తువ్వాలు నేస్తూనే ఉంది. మల్లప్ప పెదవులు కదిపాడు. గొంతు లేదు. మోత లేకపోయినా వినపడి ఉండేది కాదు. కొన్ని మాటలు గొంతుతో చెప్పలేక మనిషి మోతను అడ్డం పెట్టుకుంటాడు.

"అన్న అమ్మమన్నది మగ్గాలు కాదు వదినె. బండి."

యశోద చదివింది. సరిగ్గానే చదివింది. అయినా చేత్తో సైగ చేసింది, మళ్ళీ చెప్పమని.

"ఆస్పత్రిల చెప్పిండు. అప్పు తీరాలంటె రెండిట్ల ఒకటి పోక తప్పది, బండి అమ్మెయ్, మగ్గాలుంచు, నీకు, మీ వదినెకు కూడు పెడ్తయి అన్నడు. సరేనన్న. మాటిచ్చిన." మల్లప్ప చూపు నేల మీది గుంటల మీదికి పోయింది. "ఆయన పోయినంక బండి చూద్దామని ఒకడు వచ్చిండు. తాళం చేతుల పట్టుకున్న. బండి రాకముందు నువ్వు ఎట్లుంటివో యాదికొచ్చింది. పెండ్లయిన కెల్లి ఆ మూలకు కూసుంటివి, పోగులు అతుక్కుంట. గల్లీ దాటలే. వానికి బండి లేదని చెప్పి, మగ్గాలోళ్ళను పిలిచిన. అన్న మాట దాటినోన్ని, ఏ మొకం పెట్టుకొని నీకు చెప్పాలె."

యశోద పక్కనున్న దారాల గంప మీద కూర్చుంది.

వీరేష్ మీద ఆమెకు కోపం వచ్చింది. పోయిన మనిషి మీద అదే మొదటిసారి. తన చేత్తో ఇచ్చినదాన్ని అమ్మమని ఎలా అన్నాడు? ఆ వెంటనే, ఆస్పత్రి మంచం మీద పడుకొని భార్య తిండి గురించి లెక్కలు వేసుకున్న మనిషి కళ్ళ ముందుకు వచ్చాడు. కోపం నిలబడలేదు. ఆ పక్కనే ఈ మనిషి. సగం మగ్గాలు అమ్ముకొని, సగం సంపాదనతో సరిపెట్టుకొని, వదినె మొహం తిప్పుకొని పోతుంటే కిటికీలోంచి బండి కింద మరక చూసుకుంటూ బతికాడు. తనకు ఎవరూ లేరనుకుంటూ ఆమె రోజూ బండిని తెచ్చి అతని గుమ్మంలోనే పెట్టింది. తన కోసం ఒకరు ఉన్నారు. ఆ ఉండటమే తన బండిని పాడు చేసింది. నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె ఏడ్చింది.

ఫోను కదిలింది. ప్రథమేశ్. చెవికి పెట్టుకుంటే ఏమీ వినపడలేదు. అది చూసి మల్లప్ప వెళ్ళి రెండు మగ్గాలూ ఆపేశాడు. నేతగాడు నడిమధ్యన, సగం తువ్వాలు మీద మగ్గం ఆపడు, ఆపితే అక్కడ అడ్డగీత పడుతుంది. అతను ఆపాడు. కార్ఖానాలో ఒక్కసారిగా పేట చప్పుళ్ళన్నీ వినిపించాయి.

"కాకూ, అడిగిన," అన్నాడు ప్రథమేశ్ ఆత్రంగా. "మగ్గం నూనె అంటే కొంచెం కొంచెం తీసుడు పనికి రాదంట. ఎన్నిసార్లు తీసినా లోపల సగం, ఆ సగంల సగం ఉంటనే ఉంటది. పట్టీలను, రబ్బర్లను తింటనే ఉంటది. ఒక్కసారే అంత బయటికి తీయాలె. మెషిన్ దొరికింది, వర్క్‌షాప్ల నా దోస్తు ఇచ్చిండు, సాయంత్రంలోపట వాపస్ ఇయ్యాలె. గని కాకూ..."

"గని ఏంది?"

"పొద్దున చెప్పిందే. కడిగినంక గేరు పట్టుకుంటదా అంటే నేను చెప్పలేను. పట్టుకోకుంటె మళ్ళ నన్ను అనొద్దు. లగేచ్, ఇప్పుడే చెప్పు, పెట్టాల్నా వద్దా?"

యశోద మల్లప్ప వైపు చూసింది. ఇప్పుడు అడగడానికి ఒక మనిషి ఉన్నాడు.

"నువ్వేమంటవ్?"

"నేనేమంట వదినె," అన్నాడు మల్లప్ప. గొంతుతోనే అన్నాడు. అది బొంగురుగా, వాడక తుప్పు పట్టినట్టుగా ఉంది. "ఒకసారి నా బుద్ధికి తోచింది చేసిన గద."

యశోదకు మళ్ళీ మగ్గమే గుర్తొచ్చింది. పాతదానికి ముడివేసి కొత్తది లాగడం సరే. మరి నానిపోయిన బీము? వానకు కార్ఖానా కప్పు కారి పడుగు కుళ్ళిపోయినప్పుడు ఏం చేసేవాళ్ళు? దానికి ఎవరూ ముడి వెయ్యరు. వేస్తే వేసిన చోటల్లా తెగుతుంది. కత్తెర పెట్టి మొత్తం కోసేసి, ఒక్కో పోగునూ మళ్ళీ మొదటి నుంచి ఎక్కిస్తారు. అది కూడా ఆమె చేసిన పనే. ఇంత నూలు పోయిందే అనుకుంటూనే చేస్తారు.

"కడుగు," అంది ఫోన్లో. "మొత్తం కడుగు."

*

వాళ్ళిద్దరూ గ్యారేజీకి వెళ్ళేసరికి మెషిన్ నడుస్తోంది. రెండు గొట్టాలు బండి ముక్కులోంచి బయటికి వచ్చాయి. మెషిన్ మీద రెండు గాజు కిటికీలు. ఒకదాంట్లో ఎర్రటి నూనె లోపలికి పోతోంది, రెండోదాంట్లో బురద రంగుది బయటికి వస్తోంది. మల్లప్ప ఆ రెండో కిటికీ ముందు కూర్చొని కళ్ళార్పకుండా చూశాడు. తను పోసిందంతా తన కళ్ళ ముందే పోతోంది. బురద రంగు ఇటుక రంగైంది, తర్వాత పలచబడింది, తర్వాత రెండు కిటికీలూ ఒకే రంగయ్యాయి. ప్రథమేశ్ గొట్టాలు విప్పి, పుల్ల తీసి, కొత్త నూలుతో తుడిచి యశోదకు చూపించాడు. ఎర్రగా ఉంది. అది చూస్తే సంతోషం కలగాలి గానీ అతని మొహంలో సంతోషం లేదు.

"స్టార్ట్ చెయ్యి కాకూ. బ్రేకు మీద కాలు పెట్టి అన్ని గేర్లు ఒక్కొక్కటి చూడు. మెల్లగ."

ఇంజను మామూలుగానే మోగింది. ఆమె లివరును వెనక గేరుకు లాగింది. బండి కొంచెం వణికింది, అంతే. అది పట్టుకోవడమో కాదో ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ మధ్యకు తెచ్చింది. ప్రథమేశ్ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. వాచీ చూసుకొని, మెషిన్ చూసుకొని, మళ్ళీ బండిని చూశాడు. ఎదురుగా భవాని పేట రోడ్డు ఉంది, దాని చివర వంతెన ఉంది.

పక్క సీటు ఖాళీగా ఉంది. యశోద కిటికీలోంచి చూసింది. మల్లప్ప దూరంగా, గోడకు ఆనుకొని, దోషిలాగా చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"ఎక్కు," అంది.

అతను అటూ ఇటూ చూశాడు, వేరే ఎవరినో పిలిచిందేమోనని. ఈ బండి వచ్చిన నాటి నుంచి నేటి వరకు మల్లప్ప ఒక్కసారీ అందులో కూర్చోలేదు. ముందు అన్నావదినెల బండి అని కూర్చోలేదు. తర్వాత మాటలు లేక కూర్చోలేదు. వచ్చి తలుపు తెరిచాడు. ఎక్కలేదు. తలుపు పట్టుకొని నిలబడ్డాడు.

"కదలకుంటె, వదినె?"

"కదలకుంటె ఇద్దరం కూసుందాం."

మల్లప్ప ఎక్కి తలుపు వేసుకున్నాడు. యశోద లివరును ముందు గేరుకు తెచ్చి, బ్రేకు మీది నుంచి కాలు తీసింది.